భయం వేసిన వారంలో ఆడ నాయకుల గురించి జనాన్ని ఎలా అడగాలి

పంతొమ్మిదేళ్లు చెన్నైలో ఇల్లిల్లూ తిరిగి సర్వేలు చేశాను. సబ్బుల మీద చేశాను, టీవీ సీరియళ్ల మీద చేశాను, ఎన్నికల మీద చేశాను. అన్నిటిలోకీ నన్ను ఎక్కువ బాధపెట్టిన ప్రశ్న ఒకటుంది. 1999లో కార్గిల్ యుద్ధం ముగిసిన కొన్ని వారాలకు మా చేతికి ఇచ్చిన షీటులో ఉంది అది: "ఇలాంటి సమయంలో దేశాన్ని ఒక మహిళ నడపగలదని మీరు అనుకుంటున్నారా?" పెరంబూరులో, అయనావరంలో, ఓట్టేరిలో తెలుగువాళ్ల ఇళ్లలో ఆ ప్రశ్న నేనే చదివాను. ఎదుటివాళ్ల నోటి నుంచి ఏ జవాబు రావాలో ఆ ప్రశ్నే చెప్పేస్తోంది. "ఇలాంటి సమయంలో" అనగానే భయం. "ఒక మహిళ" అనగానే అనుమానం. "నడపగలదని" అనగానే పరీక్ష. అంత బరువు ఎత్తాక ఎవరు మాత్రం నిదానంగా ఆలోచిస్తారు?

ఆ షీటు తయారుచేసిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. తప్పు మాత్రం గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఇప్పుడు కాలేజీ పిల్లలు ఫోన్‌లో ఫారం తయారుచేసి వాట్సాప్‌లో పంపినా అదే తప్పు చేస్తున్నారు. మా చెల్లెలి కూతురు ఎం.ఏ. ప్రాజెక్టు కోసం ఇదే విషయం తీసుకుంది. తను నన్ను అడిగినవీ, నేను తనకు చెప్పినవీ, ఇద్దరం విల్లివాక్కంలో తిరిగి నేర్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మీరు వెతుకుతున్నది ఏమిటో తేల్చుకోండి. దేశానికి ముప్పు వచ్చినప్పుడు జనం మామూలుగా పాలకుడి వెనక చేరతారు. 2001 సెప్టెంబర్ 11 దాడులకు ముందు అమెరికాలో జార్జి బుష్ పనితీరు బాగుందన్నవాళ్లు గాలప్ సర్వేలో 51 శాతం. దాడుల తర్వాత రెండు వారాలు తిరక్కుండానే అది 90 శాతమైంది. ఆయన ఆ రెండు వారాల్లో మారిపోలేదు, జనం మారారు. అదే ముప్పు ఒక మహిళ పాలనలో వస్తే? 2017 మే 22న మాంచెస్టర్‌లో పాటల కచేరీ దగ్గర బాంబు పేలి 22 మంది చనిపోయారు. అప్పుడు బ్రిటన్ ప్రధాని థెరెసా మే. అంతకు ముందు ఆరేళ్లు హోంమంత్రిగా పోలీసు వ్యవహారాలు చూసిన మనిషి. ఆమె విషయంలో జనం మద్దతు పెరగలేదు సరికదా తగ్గింది. మిర్యా హోల్‌మన్, జెన్నిఫర్ మెరోల్లా, ఎలిజబెత్ జెక్‌మైస్టర్ అనే ముగ్గురు పరిశోధకులు దీన్ని పరిశీలించి 2022లో ప్రచురించారు. ఆడవాళ్ల గురించి ముందునుంచీ చిన్నచూపు ఉన్నవాళ్లలో ఆ తగ్గుదల ఎక్కువగా ఉందని తేల్చారు.

కాబట్టి మీరు వెతకవలసింది ఆడ నాయకురాలికి మార్కులు తగ్గాయా అన్నది ఒక్కటే కాదు. మగ నాయకుడికి దక్కిన పెరుగుదల ఆమెకు దక్కిందా అన్నది చూడాలి. తగ్గింది అయితే ఎవరికైనా కనిపిస్తుంది. రావలసింది రాకపోతే కనిపించదు. మొత్తం పని ఆ కనిపించని దాని కోసమే.

దీనికి ఒక్క షీటు చాలదు. ఎందుకు చాలదో నా అనుభవంతోనే చెబుతాను. 1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూర్‌లో రాజీవ్ గాంధీని చంపినప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్లు. మా నాన్న చెన్నైలో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. తెల్లారేసరికి కాలనీలో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. రోడ్డు మీద బస్సు లేదు. అంతకు ముందు నెలల్లో జయలలిత పేరు వస్తే "సినిమాల్లో వేసిన అమ్మాయి, రాష్ట్రం సంగతి ఏం తెలుసు" అనేవారు నాన్న. జూన్‌లో ఓటు వేసి వచ్చి, "ఇలాంటప్పుడు ఆ అమ్మాయిలా మొండిగా ఉండేవాళ్లే కావాలి" అన్నారు. 234 సీట్లలో 225 అన్నాడీఎంకే, కాంగ్రెస్ కూటమికి వచ్చాయి. మరి ముప్పు వల్ల ఆడ నాయకురాలికి మేలే జరిగిందనాలా? ఆ ఎన్నికలో ఎన్ని కలిసిపోయాయో చూడండి. రాజీవ్ మీద సానుభూతి ఉంది. ఆయన్ను చంపిన శ్రీలంక తమిళ తిరుగుబాటు సంస్థ ఎల్టీటీఈ మీద కోపం ఉంది. ఎల్టీటీఈని అదుపు చేయలేదన్న కారణంతోనే ఆ జనవరిలో డీఎంకే ప్రభుత్వాన్ని కేంద్రం తీసేసింది. రెండు పెద్ద పార్టీల పొత్తు ఉంది. ఎంజీఆర్ పేరు ఉంది. ఇందులో ఆడ, మగ అన్న దాని పాలెంతో మా నాన్ననే అడిగినా చెప్పలేకపోయేవారు.

అందుకే ఊహలోని ఒక అభ్యర్థిని తయారుచేసి, ఒక్క విషయం మార్చి మిగతాదంతా అలాగే ఉంచి అడుగుతారు. నాలుగు రకాల షీట్లు కావాలి. ముప్పు వార్త, మగ అభ్యర్థి. ముప్పు వార్త, ఆడ అభ్యర్థి. మామూలు వార్త, మగ అభ్యర్థి. మామూలు వార్త, ఆడ అభ్యర్థి. ఒక మనిషికి ఒక్క షీటే ఇవ్వాలి. రెండూ చూపించారంటే మీరు పట్టుకోవాలనుకున్నది ఏమిటో వాళ్లకు తెలిసిపోతుంది, వెంటనే మంచి మనుషులుగా మారిపోతారు.

ముప్పు వార్త నిజమైనదే ఉండాలి, జరిగిపోయినదే ఉండాలి. లేని ముప్పు కల్పించి ముసలివాళ్లను భయపెట్టే హక్కు మనకు లేదు. మేము ఇలా రాశాం: "2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మే 7న మన సైన్యం సరిహద్దు అవతల ఉగ్రవాద స్థావరాల మీద దాడి చేసింది. అదే రోజు చెన్నై ఓడరేవులోనూ కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రంలోనూ మాక్ డ్రిల్ జరిగింది." మూడు వాక్యాలు, అంతే. ఫొటోలు వద్దు, రక్తం వద్దు. కల్పాక్కం పేరు ఉండటం ముఖ్యం. కశ్మీర్ ఇక్కడి నుంచి చాలా దూరం. కల్పాక్కం అంటే మహాబలిపురం దాటితే వచ్చేస్తుంది.

మామూలు వార్త రాయడం ఇంకా కష్టమైంది. మొదట మేము చెన్నై తాగునీటి చెరువుల గురించి రాశాం: పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం, పూండికి వచ్చే కృష్ణా నీళ్లు. రాసి పక్కింటావిడకు చదివి వినిపిస్తే ఆమె ముఖం మారింది. 2019 ఎండాకాలంలో ఆ నాలుగు చెరువులూ ఎండిపోయి, ట్యాంకర్ లారీ కోసం బిందెలు పట్టుకుని రాత్రిళ్లు నిలబడ్డాం. చెన్నైలో నీళ్ల మాట ఎత్తితే అదీ భయమే. దాన్ని కొట్టేసి మెట్రో రైలు పెట్టాం: కోయంబేడు నుంచి ఆలందూరుకు 2015లో మొదలైంది, ఇప్పుడు కొత్త లైన్లు వేస్తున్నారు అని. మీ ఊళ్లో ఏది నిజంగా చప్పటి వార్తో ముందు నలుగురికి చదివి చూసుకోండి.

ఇక అభ్యర్థి సంగతి. ఇక్కడే తెలుగు మనల్ని దెబ్బతీస్తుంది. ఇంగ్లీషు షీటులో పేరు మారిస్తే చాలు. మనకు క్రియే ఆడా మగా చెప్పేస్తుంది, అంతకన్నా మర్యాద కూడా చెప్పేస్తుంది. మనం మామూలుగా ఎలా మాట్లాడతాం? "ఆయన నిర్ణయం తీసుకున్నారు." "ఆవిడ నిర్ణయం తీసుకుంది." ఆడమనిషి వచ్చినా "వచ్చింది", బస్సు వచ్చినా "వచ్చింది", వాన వచ్చినా "వచ్చింది". షీటులో మగ అభ్యర్థికి "చేశారు" అని, ఆడ అభ్యర్థికి "చేసింది" అని రాస్తే మీరు కొలిచేది ఆడతనాన్ని కాదు, మీరే తీసేసిన గౌరవాన్ని. మా చెల్లెలి కూతురు మొదటి షీటులో సరిగ్గా ఇదే చేసింది. తను కావాలని చేయలేదు, చెయ్యి అలా రాసేసింది. రెండిటిలోనూ "చేశారు", "అన్నారు", "గెలిచారు" ఉండాలి. కాగితం మీద ఉంటే సరిపోదు, చదివేటప్పుడు నోటికి కూడా అలాగే రావాలి. మూడు రోజులు ఇంట్లో గట్టిగా చదివించాకే దాన్ని వీధిలోకి తీసుకెళ్లాను.

అలాగే "మహిళా అభ్యర్థి" అని రాయకండి. "పురుష అభ్యర్థి" అని ఎవరూ రాయరు కదా. "నాయకుడు", "నాయకురాలు" కూడా వదిలేసి "ఎమ్మెల్యే" అనండి, ఇద్దరికీ ఒకటే మాట. "ఇద్దరు పిల్లల తల్లి" అని ఒక దాంట్లో పెడితే రెండోదాంట్లో "ఇద్దరు పిల్లల తండ్రి" ఉండాలి. లేకపోతే రెండిటిలోనూ తీసేయండి. మేము తీసేశాం. పేర్లు కులం చెప్పనివి, ఒకే తరానివి చూసుకోండి. మేము సుజాత, సురేష్ అని పెట్టాం. వయసు 50, న్యాయశాస్త్రం చదివారు, రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు, ఇప్పుడు లోక్‌సభకు పోటీ చేస్తున్నారు. పార్టీ చెప్పలేదు. పార్టీ చెబితే జనం పార్టీకే మార్కులు వేస్తారు. అమెరికాలో జరిగిన అధ్యయనాల్లో కూడా ముప్పు మాట ఎత్తినప్పుడు డెమోక్రాటిక్ పార్టీ ఆడవాళ్లకు తగిలిన దెబ్బ రిపబ్లికన్ పార్టీ ఆడవాళ్లకు తగల్లేదు. దేశ భద్రత విషయంలో రిపబ్లికన్లు గట్టివాళ్లన్న పేరు ఆ ఆడవాళ్లకు గొడుగు పట్టింది.

ఎవరికి ఏ షీటు ఇవ్వాలో మీరు నిర్ణయించకండి. "ఈ తాతగారు పాతకాలం మనిషి, ఈయనకు సుజాత షీటు ఇచ్చి చూద్దాం" అనిపిస్తుంది. అనిపించినా చేయకూడదు. హార్లిక్స్ సీసాలో ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేసిన చీటీలు పెట్టుకుని గుమ్మం దగ్గర ఒకటి తీయండి. వచ్చిన అంకె షీటే చదవాలి.

ఇంట్లో ఎవరిని అడగాలి? తలుపు తీసినవాళ్లను కాదు. ఎవరి పుట్టినరోజు ముందు వస్తుందో వాళ్లను అడగండి. లేకపోతే పగలంతా ఇంట్లో ఉండేవాళ్లే మీ లెక్కలో మిగులుతారు. వాళ్లతో ఒంటరిగా మాట్లాడండి. ఇది చెప్పినంత తేలిక కాదు. యుద్ధం మాట వినగానే ముందు గదిలోంచి భర్తగారు లేచి వస్తారు. "దానికేం తెలుసమ్మా, నన్నడుగు" అంటారు. నేను నవ్వి, "మీకూ షీటు ఉంది సార్, తర్వాత వస్తా" అని వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంటాను. (ఆయన షీటు లెక్కలోకి తీసుకోను. అడిగించుకున్నానన్న తృప్తి ఆయనకు ఉంటుంది, మన పని సాగుతుంది.) ఆడవాళ్ల జవాబులు ఒంటరిగా ఒకలా, భర్త ముందు ఒకలా ఉండటం ఈ ఒక్క విషయంలో నేను చూసినంతగా సబ్బుల సర్వేలో కూడా చూడలేదు.

మార్కుల కోసం పది మెట్ల బొమ్మ చూపించమని పుస్తకాల్లో ఉంటుంది. చదువు రానివాళ్లకు, చూపు ఆననివాళ్లకు అది పనికిరాదు. నేను పది చింతపిక్కలు చేతిలో పోసి, "ఈ ఎమ్మెల్యే మీద ఎంత నమ్మకముంటే అన్ని పక్కన పెట్టండి" అంటాను. వేళ్లు ఎక్కడ ఆగుతున్నాయో కూడా కనిపిస్తుంది.

ఒక్క ప్రశ్నతో సరిపెట్టకండి. "భద్రత" అన్న మాటలో చాలా పనులున్నాయి. సైన్యాధికారులు చెప్పింది విని అర్థం చేసుకోవడం ఒకటి. ఇతర దేశాలతో మాట్లాడి ఒప్పించడం ఒకటి. దాడికి ఉత్తర్వు ఇవ్వడం ఒకటి. నిరాశ్రయులైనవాళ్లకు తిండీ నీడా చూడటం ఒకటి. విడివిడిగా పిక్కలు పెట్టించండి. 1971లో ఇందిరా గాంధీ ఈ నాలుగూ చేశారు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన సుమారు కోటి మంది శరణార్థులకు తిండి పెట్టాలి. ఆగస్టులో సోవియట్‌తో ఒప్పందం. నవంబర్‌లో వాషింగ్టన్ వెళ్లి నిక్సన్‌తో మాట్లాడారు. డిసెంబర్ 3 నుంచి 16 దాకా యుద్ధం. కానీ జనం నోట మిగిలింది యుద్ధం ఒక్కటే. 1966లో ప్రధాని అయినప్పుడు "గూంగీ గుడియా", అంటే మూగబొమ్మ అని రామ్‌మనోహర్ లోహియా ఎద్దేవా చేసిన మనిషిని ఐదేళ్లకు దుర్గ అన్నారు. మధ్యలో మామూలు మనిషిగా, పనిచేసే ప్రధానిగా చూసినవాళ్లు తక్కువ.

ఈ కారణంగానే చివర్లో ఒక ఖాళీ జాగా పెట్టుకోండి. పిక్కలు పెట్టాక జనం ఏదో అంటారు. ఆ మాటను అదే మాటల్లో రాయండి, సరిదిద్దకండి. "ఆవిడ మగరాయుడమ్మా." "ఆడదైనా గుండె మగవాడిది." మంత్రివర్గంలో ఉన్న ఒకే ఒక్క మగవాడు ఆమే అన్న మాట ఇందిర గురించీ ఉంది, ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మెయిర్ గురించీ ఉంది. మార్గరెట్ థాచర్‌ను "ఐరన్ లేడీ" అన్నది 1976లో సోవియట్ సైన్యం పత్రిక, ఎగతాళిగా. మన దగ్గర ఓరుగల్లు ఏలిన రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు. ఎక్కువ మార్కులు వేసినవాళ్లు కూడా ఆమెను ఆడవాళ్లలోంచి తీసి అవతల నిలబెట్టి వేస్తున్నారా అన్నది ఈ ఖాళీ జాగాలోనే తెలుస్తుంది. అంకె అది చెప్పదు. తొమ్మిది పిక్కలు పెట్టి "ఈవిడ వేరులే, మిగతా ఆడవాళ్ల వల్ల కాదు" అన్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఆడవాళ్ల గురించి సాధారణ అభిప్రాయం అడిగే ప్రశ్నలు అన్నిటికన్నా చివర పెట్టండి. ముందు పెడితే మిగతావన్నీ చెడిపోతాయి.

ఇప్పుడు లెక్క. ఊరికే ఒక ఉదాహరణ అనుకుందాం. మామూలు వార్త విన్నవాళ్లు సురేష్‌కు సగటున 6 పిక్కలు, సుజాతకు 6.5 పెట్టారు. ముప్పు వార్త విన్నవాళ్లు సురేష్‌కు 7.5, సుజాతకు 6.5 పెట్టారు. సుజాత పిక్కలు ఒక్కటీ తగ్గలేదు కదా, అంతా బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కాదు. భయం సురేష్‌కు 1.5 కలిపింది, సుజాతకు ఏమీ కలపలేదు. ఆ 1.5 మీరు వెతుకుతున్నది. ముందు ఎక్కువలో ఉన్న సుజాత ఏ తప్పూ చేయకుండానే వెనకబడింది.

అయితే షీటుకు పదిహేను మందిని అడిగి ఇలాంటి అంకె వస్తే ఎవరికీ చెప్పకండి. పదిహేను మందిలో ఇద్దరు మొండివాళ్లుంటే చాలు, సగటు తారుమారవుతుంది. షీటుకు కనీసం యాభై మంది, మొత్తం రెండు వందల మంది కావాలి. అప్పుడు కూడా ఒక మార్కు లోపు తేడాను నిజమని నమ్మకండి. రెండు వందల మంది అంటే ఇద్దరికి మూడు వారాల పని. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర మధ్య అయితే జనం దొరుకుతారు, సీరియల్ మొదలైతే దొరకరు.

ఎప్పుడు వెళ్లాలి అన్నదీ ముఖ్యమే. దాడి జరిగిన రోజు వెళ్లకండి, మర్యాద కాదు. అలాగని ఒక్కసారి వెళ్లి ఆపకండి. ముప్పుల్లో రకాలున్నాయి, కాలం గడిచినకొద్దీ జవాబూ మారుతుంది. 1982లో ఫాక్‌లాండ్ దీవులను అర్జెంటీనా ఆక్రమిస్తే థాచర్ నౌకలు పంపి 74 రోజుల్లో తిరిగి తీసుకున్నారు, మరుసటి ఏడాది ఎన్నిక భారీగా గెలిచారు. 1973 అక్టోబర్‌లో హఠాత్తుగా వచ్చిన యుద్ధంలో గోల్డా మెయిర్ దేశం చివరికి నిలబడింది. విచారణ సంఘం ఆమెను నేరుగా తప్పు పట్టలేదు, అయినా 1974లో రాజీనామా చేయవలసి వచ్చింది. శ్రీలంకలో చంద్రిక కుమారతుంగ 1999 డిసెంబర్ 18న ఎన్నికల సభలో జరిగిన ఆత్మాహుతి దాడిలో ఒక కన్ను పోగొట్టుకున్నారు, మూడు రోజుల తర్వాత జరిగిన పోలింగ్‌లో గెలిచారు. ఎదురుదెబ్బ తీసే అవకాశం ఉన్న యుద్ధం వేరు, ఎవరు కొట్టారో కనిపించని బాంబు వేరు, నాయకురాలి ఒంటి మీదే పడ్డ దాడి వేరు. మీ షీటులో పెట్టిన ముప్పు ఏ రకమో పైన రాసిపెట్టుకోండి. ఒక దాని ఫలితాన్ని ఇంకో దానికి అంటగట్టకండి.

షీటు అయిపోయాక వెంటనే లేచిపోకండి. సుజాత, సురేష్ ఊహ మాత్రమేనని, వార్త మాత్రం నిజమేనని చెప్పండి. భయపడ్డవాళ్లు ఉంటే కాసేపు కూర్చోండి. కొందరి కొడుకులు సైన్యంలో ఉంటారు.

మే నెలలో మేము వెళ్లిన ఇళ్లలో పూలు కట్టే ఒకావిడ ఉంది. అంతకు ముందు పొంగల్ సమయంలో వేరే పని మీద కలిసినప్పుడు, "ఆడవాళ్లుంటేనే లెక్కలు సరిగ్గా ఉంటాయక్కా" అన్న మనిషి. ఈసారి చీటీలో ముప్పు వార్త, సుజాత వచ్చాయి. ఏడు పిక్కలు పెట్టింది, మళ్లీ మూడు వెనక్కి తీసుకుంది. "యుద్ధం సంగతి మగవాళ్లకే తెలుస్తుంది" అంది. ఆ వారమే టీవీలో కర్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ దాడుల వివరాలు దేశానికి చెబుతుంటే తనూ చూసింది, చూశానని తనే చెప్పింది. "వాళ్లు డ్రెస్సులో ఉన్నారు కదక్కా" అంది. ఆ మాట అలాగే ఖాళీ జాగాలో రాశాను. 2017 నుంచి 2019 దాకా రక్షణ మంత్రిగా చీర కట్టుకునే నిర్మలా సీతారామన్ ఉన్నారని నాకు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. అడగడానికి వెళ్లినవాళ్లు అడిగి రావాలి.

రెండో విడత పొంగల్ తర్వాత చేస్తున్నాం. ఆమె ఇంటికి మళ్లీ వెళ్లాలని ఉంది కానీ ఇళ్లు ఎంచుకునే చీటీ ఆ తలుపు చూపిస్తేనే వెళ్తాను.